తగ్గుతూ పోయే అడుగులు

నేను సొంతంగా రాసిన మొదటి నిరూపణ ఒక అబద్ధానిది. పేజీన్నర రాశాను. ఒక్క కొట్టివేత లేదు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నిరూపణ పూర్తయిందనడానికి గుర్తుగా చివర చిన్న నల్ల చదరం కూడా గీసి, దాన్ని పెన్నుతో శ్రద్ధగా నింపాను. పదికి సున్నా వచ్చింది.

ఎమ్మెస్సీ లెక్కల్లో చేరిన మొదటి సెమిస్టర్ అది. అనాలిసిస్ అనే పేపర్లో క్లాసు టెస్టు పెట్టారు. మా మేడమ్ ఇచ్చిన ప్రశ్నను మామూలు మాటల్లో చెబితే ఇంతే. ఒక మనిషి తిన్నగా నడుస్తున్నాడు. ప్రతి అడుగూ ముందు అడుగు కంటే చిన్నది. అలా తగ్గుతూ తగ్గుతూ అడుగు పొడవు సున్నాకు దగ్గరవుతూ పోతోంది. అలాంటప్పుడు అతను ఎంతకాలం నడిచినా దాటలేని హద్దు ఒకటి తప్పకుండా ఉంటుంది. ఈ మాట నిజమో కాదో తేల్చండి.

తేల్చడానికేముంది నా మొహం! అడుగు చిన్నదైపోతుంటే మనిషి ఎక్కడో ఒకచోట ఆగక ఏం చేస్తాడు? 'క్లియర్లీ' అని మొదలుపెట్టి దడదడా రాసేశాను. సగం టైమ్ మిగిలి ఉండగానే పేపర్ ఇచ్చేసి బయటికొచ్చాను. కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతోనే రాదు. పరీక్ష హాల్లో ఆఖరి గంట దాకా ఉండేవాళ్ళంటే నాకు అప్పట్లో జాలి.

పేపర్లు తిరిగి ఇచ్చిన రోజు చూస్తే 'క్లియర్లీ' కింద ఎర్ర గీత, పక్కన తెలుగులో 'ఎందుకు?' అని ఒకే ఒక్క మాట. పాఠమంతా ఇంగ్లీషులో చెప్పే మేడమ్ ఆ ఒక్క మాట మాత్రం తెలుగులో రాస్తుంది. తప్పించుకోకుండా తగలాలనేమో. మిగతా పేజీన్నర మీద ఎర్ర సిరా చుక్క కూడా లేదు. మొదటి మాట దగ్గరే చదవడం మానేసినట్టుంది.

అది చాలదన్నట్టు నా పక్క పిల్ల పేపర్ కనబడింది. దాదాపు ఖాళీ. "ఆగుతాడనే అనిపిస్తోంది. కానీ ఎందుకు ఆగాలో నాకు కనబడటం లేదు" అని రెండు ముక్కలు రాసి వదిలేసింది. దానికి రెండు మార్కులు!

నాకు ఒళ్ళు మండిపోయింది. క్లాసు అవగానే మేడమ్ వెంట వరండాలో పరుగెత్తాను.

"మేడమ్, నేను మొత్తం రాసిన. సున్నా ఎట్లా వేస్తరు?"

"నువ్వు నిరూపించిన మాట అబద్ధం కాబట్టి."

నేను నోరు వెళ్ళబెట్టాను. "పేపర్ల ఇచ్చింది అబద్ధం ఎట్లయితది మేడమ్?"

"నిజమని నేనన్నానా? తేల్చమన్నాను."

"మరి ఖాళీ పేపర్‌కు రెండు మార్కులేంది?"

మేడమ్ ఆగి నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. "ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. తెలియదని చెప్పింది. నీకు తెలియలేదన్న సంగతి కూడా నీకు తెలియలేదు. అతను ఎందుకు ఆగడో కనుక్కుని రా. నేను చెప్పను."

ఇంటికొచ్చేదాకా మెట్రోలో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. మెట్టుగూడలో దిగి లాలాగూడ రైల్వే క్వార్టర్ల దాకా చెప్పులు టకటకలాడిస్తూ నడిచాను. దారి పొడుగునా మనసులో మేడమ్‌తో పోట్లాట.

ఇప్పుడు తలచుకుంటే ఆ పోట్లాటలో నాది మాత్రమే కాదు, నన్ను తయారుచేసిన వాళ్ళందరి వాదనా ఉంది. ఇంటర్లో మమ్మల్ని పొద్దున్నుంచి చీకటిపడేదాకా బెంచీలకు అతికించి బిట్లు చేయించారు. ఒక ప్రశ్న, కింద నాలుగు జవాబులు. లెక్క చేయడం టైమ్ వేస్టు. ఎన్ విలువ ఒకటి వేసి చూడు, రెండు వేసి చూడు, పొసగని జవాబులు కొట్టెయ్, మిగిలిన దాని పక్కనున్న సున్నాను పెన్నుతో నింపు. నిమిషంలో చేస్తే గొప్ప, అరనిమిషంలో చేస్తే మహా గొప్ప. నేను మా సెక్షన్లో అందరికంటే ఫాస్టు. సార్లు వేరే సెక్షన్ల నుంచి పిల్లల్ని పిలుచుకొచ్చి నన్ను చూపించేవాళ్ళు.

ఇంకో మాట రోజూ చెప్పేవాళ్ళు: నెగెటివ్ మార్కులు లేవు, ఏదీ ఖాళీ వదలొద్దు. బీఎస్సీలోకి వచ్చాక అది ఇంకాస్త ముదిరింది. ఇంపార్టెంట్ సిద్ధాంతాలు పది కంఠతా పట్టు. వచ్చింది రాయి, రానిది కూడా రాయి. పేజీ నింపు, దిద్దేవాళ్ళకు జాలి కలుగుతుంది. నిరూపించండి అని పేపర్లో అచ్చయిందంటే అది నిజమే అయ్యుండాలి. అచ్చయిన దాన్ని శంకించడం మాలో ఎవరికీ తట్టలేదు. ఆ టెస్టులో ముప్పై మందిమి కూర్చుంటే, ఆ ఖాళీ పేపర్ పిల్ల తప్ప అందరం కలిసి ఒక అబద్ధాన్ని ఇరవై తొమ్మిది రకాల చేతిరాతల్లో నిరూపించాం.

సెమిస్టర్ పరీక్షలో కూడా అదే వరస. ఎందుకు అన్న మాట ఒకటి ఉందని తెలిసింది గానీ దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. అనాలిసిస్ పోయింది.

ఫలితం వచ్చిన సాయంత్రం నాన్న నన్ను వరండాలోకి పిలిచాడు. నాన్న రైల్వే ఆఫీసులో క్లర్కు. గట్టిగా అరిచే మనిషి కాదు. అరిస్తే నేనూ అరిచి తేలికపడేదాన్ని.

"బిడ్డా, ఒక మాట చెప్త, గుస్సా గాకు. వీణ షురూ జేసినవ్, ఇడ్శిపెట్టినవ్. ఈత అన్నవ్, సమ్మర్ అయిపోకముందే బంద్. బ్యాంకు కోచింగ్ సుత గంతే. షురూల ఉరుకుతవ్. నడుమ నడుస్తవ్. తగ్గుకుంట తగ్గుకుంట ఆఖరికి ఆగిపోతవ్. నీ తీరే గంత. నాకు కోపం లేదు."

"ఇది గట్ల కాదు నాన్నా."

"అన్నీ గట్లనే అన్నవ్." కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు. "బేగంపేట్ల కోచింగ్ కాలేజీ ఉన్నది గద, అండ్ల వైస్ ప్రిన్సిపాల్ నాకెర్కే. నీ ఫాస్టు సంగతి ఆయనకు తెల్సు. పిల్లలకు బిట్లు చెప్పెతందుకు తీసుకుంట అన్నడు. సప్లిమెంటరీ రాయి. పాసైతే నీ ఇష్టం. ఫెయిలైతే సదువు బంద్, గండ్ల జాయినైపో. గిట్ల పరేషాన్ అయితుంటే నేను సూడలేకపోతున్న."

సరేనన్నాను. సరేనని లోపలికెళ్ళి దిండును గుద్దాను. బిట్లు చెప్పడం తప్పని కాదు. నాకు బాగా వచ్చిన పనే అది. ఆ పనిలోకి నన్ను పంపిస్తున్న కారణం మింగుడు పడలేదు. నా తీరే అంత! అడుగులు తగ్గుతాయి, ఆగిపోతాను. ఆ మాట తప్పని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. వీణ అటక మీదే ఉంది.

మర్నాడు ఖాళీ పేపర్ పిల్లను పట్టుకున్నాను. ఆమెది బన్సీలాల్‌పేట. వాళ్ళ నాన్నకు దూది పరుపుల దుకాణం ఉంది. ముస్లింలే అయినా ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. నేను ఎంత తొందరో ఆమె అంత నిదానం. ఆమె చాయ్ తాగుతుంటే చూసేవాళ్ళకు నీరసమొస్తుంది.

"నాకు నిరూపణ రాయడం నేర్పియ్," అన్నాను.

"నాకే రాదు యార్."

"మరి రెండు మార్కులెట్ల వచ్చినయ్?"

"నాకు తెల్వదని రాసిన. గంతే." నోట్‌బుక్ తెరిచి, "ఒకటి చేద్దాం," అంది. "నువ్వు రాసింది నాకు చదివి చెప్పు. నేను నీ దుష్మన్ అనుకో. ఏ ముక్కా నమ్మను. నేను రాసింది నువ్వు నమ్మకు."

అలా మొదలైంది. క్లాసులయ్యాక వాళ్ళ దుకాణంలో, పేర్చిన పరుపుల మీద ఎక్కి కూర్చునేవాళ్ళం. బయట ఆ పేటలోని పాత మెట్లబావి చూడ్డానికొచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుంటూ, దారి అడుగుతూ తిరుగుతుండేవాళ్ళు. లోపల దూది నుసి ముక్కులోకి పోతుంటే నేను తుమ్ముతూ నిరూపణ చదివేదాన్ని. ఒక్క వాక్యం చదవగానే ఆమె, "ఎందుకు?"

"ఎందుకేంది, కనబడుతలేదా?"

"నాకు కనబడుతలేదు."

"అరె, చిన్నపిల్లలకు సుత తెలుస్తది!"

"గయితే చిన్నపిల్లలకు చెప్పినట్టే చెప్పు."

చెప్పబోతే నోట్లోంచి మాట వచ్చేది కాదు. చిత్రమేమిటంటే, నాకు ఎక్కడ ఒళ్ళు మండితే సరిగ్గా అక్కడే నా నిరూపణలో గొయ్యి ఉండేది. కోపం రాలేదంటే ఆ వాక్యం గట్టిదన్నమాట. ఈ సంగతి కనిపెట్టాక నా కోపమే నాకు పనికొచ్చింది. గట్టిగా అరిచిన చోటల్లా పెన్సిల్‌తో చుట్టు చుట్టి ఇంటికి తీసుకుపోయేదాన్ని.

'క్లియర్లీ' అని రాసినవాళ్ళే చాయ్ పెట్టాలని నియమం పెట్టుకున్నాం. ఆ దుకాణం వెనక స్టవ్ వెలిగించడం నాకు అలవాటైపోయింది.

ఈ రోగం ఇంట్లోకి కూడా పాకింది. ఒకరోజు అమ్మ వంటింట్లోంచి, "ఈ ఇంట్ల ఎవ్వలు ఎన్నడూ ఒక్క గిన్నె సుత కడగరు," అని మొదలుపెట్టింది.

"మొన్న ఐతారం నేను కడిగిన," అన్నాను.

"ఒక్కనాడు కడిగితే ఏమాయె?"

"ఎన్నడూ అన్నవ్ గదమ్మా. ఒక్కనాడు కడిగినా నీ మాట తప్పే."

అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "గీ తెలివి పరీక్షల సూపియ్యరాదే!" అంది. నాన్న పేపర్ అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను పైకి నవ్వాను గానీ లోపల సుర్రుమంది. అమ్మ అన్నదాంట్లో తప్పేముంది?

నడిచేవాడి లెక్క మాత్రం తెగలేదు. మేడమ్ చెప్పనంది. పుస్తకాల్లోనో ఫోన్లోనో వెతికితే నిమిషంలో దొరుకుతుందని తెలుసు. వెతకనని ఒట్టు పెట్టుకున్నాం. పెట్టించింది ఆమె. నేనైతే ఎప్పుడో వెతికేసేదాన్ని. మొదటి అడుగు ఒకటి, తర్వాత అందులో సగం, తర్వాత మూడో వంతు, నాలుగో వంతు, అలా పోయేవాడిని పట్టుకుంది ఆమె. "వీడు ఆగుతడా?" అంది.

నేను ఫోన్లో కాలిక్యులేటర్ తీసి కూడడం మొదలుపెట్టాను. మొత్తం నాలుగు దాటడానికే వేళ్ళు నొప్పి పుట్టాయి. ఆ తర్వాత అంకె నత్తలాగా కదులుతోంది. "ఐదు దాటడు. కావాలంటే రాసిస్త," అన్నాను.

"ఎందుకు?"

"చూస్తలేవా, ఎట్ల పాకుతున్నడో!"

ఆమె ఫోన్ లాక్కుని తన మానాన తను కూడుతూ కూర్చుంది. నేను దుకాణంలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగాను. వాళ్ళ నాన్న, "కాలుగాలిన పిల్లిలెక్క ఏం దిరుగుతవమ్మా, జెర కూసో," అన్నాడు. ఎనభై అడుగులు దాటాక ఆమె ఫోన్ నా వైపు తిప్పింది. ఐదు దాటింది.

"ఆరు దాటడు," అన్నాను వెంటనే. అని, నా మాట నాకే వినబడి సిగ్గేసింది. ఎన్ విలువ ఒకటి వేసి చూడు, రెండు వేసి చూడు. కొన్ని వేసి చూస్తే అన్నీ తెలిసినట్టే అనుకునే పాత అలవాటు ఇంకా చావలేదు.

ఆ సాయంత్రం ఇంటికి నడుచుకుంటూనే బయలుదేరాను. బోయిగూడ మీదుగా, చిలకలగూడ దాటి వస్తుంటే లాలాగూడ దగ్గర గేటు పడింది. గూడ్సు బండి. అది ఎంతకీ వెళ్ళిపోదు. చుట్టూ హారన్లు, ఆటోల పొగ. కదలడానికి లేదు. నిలబడటం నాకు నరకం. కాళ్ళు ఊరుకోక ఉన్నచోటే ఒక అడుగు వేశాను, తర్వాత సగం. తర్వాత మూడో వంతు, దాని పక్కనే నాలుగో వంతు. ఈ రెండింటినీ విడిగా ఎందుకు చూస్తున్నాను? రెండు నాలుగో వంతులైతే సగం. మూడో వంతు నాలుగో వంతు కంటే పెద్దది. అంటే ఈ రెండూ కలిస్తే సగం కంటే ఎక్కువే!

తర్వాతి నాలుగు అడుగులు ఐదో వంతు నుంచి ఎనిమిదో వంతు దాకా. నాలుగింట్లో అన్నిటికంటే చిన్నది ఎనిమిదో వంతు. నాలుగు ఎనిమిదో వంతులంటే సగం. మళ్ళీ సగం! ఆ తర్వాతి ఎనిమిది అడుగులు కలిస్తే ఇంకో సగం. ఆ తర్వాత పదహారు. అడుగు చిన్నదవుతూనే ఉంది, సగాలు వస్తూనే ఉన్నాయి. సగాలు వస్తూనే ఉంటే ఆరేమిటి, అరవై ఏమిటి, వాడు దాటని హద్దే లేదు.

గేటు లేచింది. వెనక ఆటో అతను, "ఏమ్మా, నడువవా!" అని అరుస్తున్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా జన్మలో దారికి అడ్డంగా కదలకుండా నిలబడ్డది అదొక్కసారే.

మర్నాడు చెబితే నా స్నేహితురాలు ప్రతి వాక్యం దగ్గరా ఎందుకు అంది. దేనికీ నాకు కోపం రాలేదు. అప్పుడే అర్థమైంది, ఇది నిలబడుతుందని. మేడమ్‌కు రాసి ఇచ్చాను. సాంతం చదివింది. ఒక్కచోట కూడా ఎర్ర సిరా లేదు. "సరే," అంది. నాకు ఇంకాస్త ఏదైనా అంటుందేమోనని ఉండింది. అనలేదు.

సప్లిమెంటరీ దగ్గరపడింది. పరీక్షకు ముందు ఆదివారం నాడు స్నేహితురాలు ఊళ్ళో లేదు, చుట్టాల పెళ్ళికి వెళ్ళింది. "లెక్కలు రానోళ్ళకు చదివి చెప్పు. వాళ్ళకు మొహమాటం ఉండదు," అని ఫోన్లో సలహా ఇచ్చింది. అమ్మను అడిగితే కుక్కర్ చూపించింది. మిగిలింది నాన్న.

వరండాలో గచ్చు మీద చాక్‌పీసుతో గీతలు గీశాను. "నాన్నా, ఒకడు నడుస్తున్నడు. అడుగు తగ్గుకుంట పోతున్నది. ఆగుతడా, ఆగడా?"

"ఆగుతడు," అన్నాడు నాన్న, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

"ఎందుకు?"

"తగ్గుకుంట పోతే ఆగిపోక ఏమైతది?"

నాకు అప్పుడే తట్టింది, ఇది ఒక్క మేడమ్ ప్రశ్న మాత్రమే కాదు. ఇదే వరండాలో నాన్న నా గురించి చెప్పిన మాట కూడా ఇదే. నిరూపణ ఒప్పజెప్పడానికని కూర్చున్నదాన్ని కాస్తా, పంతం పట్టి చెప్పడం మొదలుపెట్టాను.

నాన్న మొదట వినీవిననట్టు విన్నాడు. మూడో వంతు, నాలుగో వంతు దగ్గర పేపర్ పక్కన పెట్టాడు. ఎనిమిదో వంతు దగ్గర కుర్చీ దిగి గచ్చు మీద నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఐదో వంతును సుత ఎనిమిదో వంతు లెక్కనే వట్టుకుంటివి. ఎందుకు? మోసం గాదా?"

"ఐదో వంతు పెద్దది గద నాన్నా. తక్కువ చేసి పట్టుకున్నా సగం వస్తున్నది. అసలుది ఇంక ఎక్కువే వస్తది."

"ఊఁ. ఎనిమిది దాకా ఒప్పుకుంట. ముందుకు పోతే సగం రాకపాయెనో?"

"ముందుకు పోయినకొద్దీ అడుగు సగమైతది, కానీ ఆ గుంపుల అడుగులు రెట్టింపైతయ్. అందుకే ప్రతి గుంపుకు సగం వస్తది."

"ఎన్నటికీనా?"

"ఎన్నటికీ."

నాన్న గచ్చు మీది గీతల్ని వేలితో ఒక్కొక్కటే ముట్టుకుంటూ పోయాడు. చివరి గీతలు దగ్గరదగ్గరగా ఇరుక్కుని ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. "అంటే, తగ్గుకుంట పోయినా ఆగదంటవ్," అన్నాడు.

"ఆగదు నాన్నా. అన్నీ ఆగవని కాదు, కొన్ని ఆగుతయ్. కానీ తగ్గుతున్నది కాబట్టి ఆగుతదనుడు తప్పు."

నాన్న మోకాళ్ళు పట్టుకుని లేచి, లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగాడు. ఆ సాయంత్రం అమ్మ వరండా కడగబోతే, "రేపు కడుగు తియ్," అన్నాడు.

పరీక్ష హాల్లో ఏం జరిగిందో చెప్పాలంటే ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసే వస్తాయి. మొదటి ప్రశ్న చదవగానే జవాబు తోచింది. ఒక వాక్యం రాశాను. లోపల నా స్నేహితురాలి గొంతు, ఎందుకు? దానికి జవాబు రాశాను. దానికీ ఎందుకు? అది తేల్చడానికి ఇంకో పేజీ పట్టింది. అలా రెండు ప్రశ్నలు రాశాను. ఎవరొచ్చి ఎక్కడ తట్టినా పెచ్చు ఊడనంత గట్టిగా రాశాను. తలెత్తి చూస్తే గంట కొట్టేశారు. మూడు ప్రశ్నలు ముట్టుకోనే లేదు. సెక్షన్లో అందరికంటే ఫాస్టు అనిపించుకున్న నేను, ఇన్విజిలేటర్ నా చేతిలోంచి పేపర్ లాక్కుంటుంటే వదలకుండా పట్టుకుని, "ఒక్క నిమిషం సార్, ఒక్క నిమిషం," అని బతిమాలాను.

నాలుగు మార్కుల్లో పోయింది.

ఫలితం ఫోన్లో చూసుకున్నాక ఎటు పోవాలో తోచక సికింద్రాబాద్ స్టేషన్ చుట్టూ తిరిగాను. స్నేహితురాలు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆమె పాసైంది మొదటిసారికే. మేడమ్ మీద కోపమొచ్చింది. ఆ ఎందుకు అన్న మాట నేర్పకపోతే పేజీలు నింపి ఎలాగోలా గట్టెక్కేదాన్ని కదా! ఆ కోపం చాలాసేపు నిలవలేదు. దాని వెనక ఉన్నది కోపం కాదు. ఆ రెండు నిరూపణలు రాస్తున్నప్పుడు ఉన్నంత కుదురుగా నేను ఎన్నడూ లేను. ఇక అది ఉండదు. అదీ బాధ.

ఇంటికి వచ్చేసరికి నాన్న వరండాలోనే ఉన్నాడు. చెప్పులు విడవకుండానే చెప్పేశాను.

"ఫెయిలైన. రేపు పోయి బేగంపేట్ల జాయినైత."

"ఎందుకు?" అన్నాడు నాన్న.

"ఎందుకేంది నాన్నా? నువ్వే అన్నవ్ గద, ఫెయిలైతే బంద్ అని."

"అన్న. అటెన్క నువ్వు నాకు ఒకటి చెప్పినవ్. గీడ్నే, గీ గచ్చు మీద. తగ్గుకుంట పోతే ఆగుతదని నేనన్న. తప్పన్నవ్."

"అది లెక్క!"

"నీ లెక్కల ఏడన్న తప్పున్నదా?"

"లేదు."

"నేను అడిగిన ప్రతి దానికి జవాబు చెప్పినవ్. ఏడ సుత నోరు మూయలే. మరి గిప్పుడు చెప్పు. ఎందుకు ఆగుతున్నవ్?"

"ఫెయిలైన కాబట్టి," అన్నాను.

"ఫెయిలైతే ఆగాల్నని ఏడున్నది?"

నాకు ఒళ్ళు మండింది. గట్టిగా అరవబోయాను. నోరు తెరిచాక గుర్తొచ్చింది, నాకు ఎక్కడ కోపమొస్తే అక్కడే గొయ్యి. వాక్యం కోసం వెతికాను. పరువు పోతుందని, వయసు దాటిపోతోందని, నా తీరే అంత అని. ఒక్కొక్కటీ నాన్న మొహం చూసి నాలో నేనే కొట్టేశాను. నాన్న తొందరపెట్టలేదు. లోపల కుక్కర్ కూత వేసింది. అమ్మ గుమ్మం దాకా వచ్చి, మా ఇద్దరినీ చూసి అక్కడే నిలబడింది. నా కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"తెల్వది నాన్నా," అన్నాను.

"గట్లయితే నడువు," అన్నాడు నాన్న.